గాలి తీస్తే తీరిపోదు: హైడ్రాలిక్ క్లచ్ జబ్బు పట్టుకుని బాగుచేసుకునే పద్ధతి

ఒడిశాలో రాయగడ, కొరాపుట్, జైపూర్ వైపు మన ఇళ్ల ముందు నిలబడే బండ్లు స్ప్లెండర్, షైన్, పల్సర్, బుల్లెట్. వీటన్నిటికీ క్లచ్ కేబులే. 390 డ్యూక్‌కి కూడా కేబులే. అందుకే కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఇక్కడి బైక్ మెకానిక్ చేతికి రావడం అరుదు. కానీ విశాఖ నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి దేవ్‌మాలి కొండ చూడ్డానికి వచ్చే పెద్ద బండ్లు ఎక్కువయ్యాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత హయబుసానో, కవాసాకీ జెడ్‌ఎక్స్-14ఆర్‌నో, డుకాటీనో కొని ఇంటికి తెచ్చుకున్న కుర్రాళ్లూ ఉన్నారు. వాటికి క్లచ్ లివర్ పక్కన చిన్న నూనె డబ్బా ఉంటుంది. బ్రేక్‌కి కుడివైపు ఉన్నట్టే దీనికి ఎడమవైపు. అది ఉంటే మీది హైడ్రాలిక్ క్లచ్. లేకపోతే ఇది మీ బండి సంగతి కాదు, కేబుల్ చూసుకోండి.

లివర్ మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేస్తే ఎవరైనా ముందు చెప్పేది ఒకటే మాట: ఎయిర్ తీసేయ్. తీస్తారు. బాగుంటుంది. వారం తిరగకుండా మళ్లీ అదే కథ.

"అన్నా, పోయిన వారమే ఎయిర్ తీయించాను, మళ్లీ మెత్తబడిపోయింది."

"డబ్బాలో ఆయిల్ ఎంత తగ్గింది తమ్ముడూ?"

"అది చూడలేదన్నా. తగ్గినప్పుడల్లా పోశారు."

జబ్బు అక్కడే దొరికిపోయింది. మూసి ఉన్న గొట్టంలోకి గాలి దానంతటది పుట్టదు. ఆయిల్ ఎక్కడో బయటికి పోతేనే లోపలికి గాలి వస్తుంది. ఆ దారి కనుక్కోకుండా గాలి మాత్రమే తీయడం రిపేరు కాదు.

లోపల ఏం జరుగుతుందంటే

లివర్ దగ్గర ఉండేది మాస్టర్ సిలిండర్. లివర్ నొక్కితే అందులోని చిన్న పిస్టన్ ఆయిల్‌ని గొట్టంలోకి తోస్తుంది. ఆ ఒత్తిడి ఇంజన్ ఎడమపక్క, చాలా బండ్లలో ముందు స్ప్రాకెట్ కవరు దగ్గర ఉండే స్లేవ్ సిలిండర్‌కి చేరుతుంది. అక్కడి పెద్ద పిస్టన్ ఒక పొడవాటి పుష్ రాడ్‌ని తోస్తే, అది ఇంజన్ అడ్డంగా వెళ్లి క్లచ్ ప్లేట్లని విడదీస్తుంది.

ఒక లెక్క చూడండి. మాస్టర్ పిస్టన్ 14 మిల్లీమీటర్లు, స్లేవ్ పిస్టన్ 36 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యంలో తేడా ఆరున్నర రెట్ల పైనే. అంటే వేలి బలం ఆరున్నర రెట్లు అవుతుంది, కదలిక మాత్రం అంతే రెట్లు తగ్గిపోతుంది. పైన పిస్టన్ 10 మిల్లీమీటర్లు కదిలితే కింద కదిలేది ఒకటిన్నర మిల్లీమీటర్. ప్లేట్లు విడిపోవడానికి ఉన్నది ఆ ఒకటిన్నరే. శనగగింజంత గాలి బుడగ ఉన్నా అందులో కొంత మింగేస్తుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. లివర్ మెత్తబడటానికి, న్యూట్రల్ పడకపోవడానికి, గేరు వేస్తే కరకరమనడానికి కారణం ఇదే.

పానా పట్టకముందు చూడాల్సినవి

బండిని నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద డబ్బాలో మట్టం తప్పుగా కనిపిస్తుంది. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేలా చూసి అప్పుడు గాజు కిటికీలో మట్టం చూడండి.

బ్రేక్ అలవాటుతో వచ్చినవాళ్లు పొరబడేది ఇక్కడే. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ తగ్గుతుంది. పుష్ రాడ్ ఉన్న క్లచ్‌లో దీనికి తలకిందులు. ప్లేట్లు అరిగేకొద్దీ రాడ్ స్లేవ్ పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది, ఆయిల్ పైకి చేరుతుంది, మట్టం నెమ్మదిగా పెరుగుతుంది. కాబట్టి క్లచ్ డబ్బాలో మట్టం తగ్గిందంటే "అరిగింది లెండి" అనడానికి లేదు. ఎక్కడో కారుతోంది. అంచు దాకా నింపి పెట్టడం కూడా మంచిది కాదు, పెరగడానికి చోటుండాలి.

తర్వాత రంగు. ఎక్కువ బండ్లలో ఈ క్లచ్‌కి పోసేది బ్రేక్ ఆయిలే, డాట్ 4 అనేది అందులో ఒక రకం. కొత్త డాట్ 4 ఆయిల్ లేత పసుపు. టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే పాతబడింది. నల్లగా, అడుగున మడ్డితో ఉంటే రబ్బరు కప్పులు అరిగి కలుస్తున్నాయి. ఈ ఆయిల్‌కి గాల్లోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. సుమారు 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ కనీసం 155 డిగ్రీలకి పడిపోతుంది. క్లచ్‌కి బ్రేక్ అంత వేడి ఉండదు కాబట్టి మరగడం కన్నా ఆ నీరు సిలిండర్ గోడని తినేయడమే పెద్ద నష్టం. కొరాపుట్ వానలు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లివర్. ఇంజన్ ఆపి మెల్లగా నొక్కి చూడండి.

మెత్తగా ఉండి, టకటకా నాలుగైదుసార్లు కొడితే గట్టిపడితే లోపల గాలి ఉంది.

గట్టిగానే ఉంది, కానీ అలాగే పట్టుకుంటే నిమిషంలో మెల్లగా గ్రిప్పు వైపు దిగిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు, మట్టం తగ్గలేదు. అప్పుడు మాస్టర్ లోపలి రబ్బరు కప్పు పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుతోంది. దీనికి గాలి ఎంత తీసినా దండగ. మాస్టర్ కిట్టు, అంటే లోపలి పిస్టన్, కప్పుల సెట్టు, వేయాలి.

గట్టిగా, మామూలుగా ఉంది, కదలిక కూడా సరిగానే ఉంది, అయినా గేరులో బండి ముందుకి లాగుతోంది. ఇది ఆయిల్ జబ్బు కాకపోవచ్చు. దాని గురించి కింద చెప్తాను.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది. డబ్బా చుట్టూ తడిగుడ్డ కప్పి, మూత విప్పి, రబ్బరు డయాఫ్రమ్ తీసి లోపలికి చూడండి. అడుగున రెండు కన్నాలుంటాయి. ఒకటి పెద్దది, ఇంకోటి సూదిమొనంత. చాలా బండ్లలో ఆ చిన్నదానిపై పలచటి రేకు మూత ఉంటుంది. లివర్ తొలి కదలికలో, వేలితో తాకినంత మెల్లగా నొక్కితే, ఆ చిన్న కన్నం నుంచి సన్నటి ధార ఎగరాలి, లేదా పైన అల కదలాలి. రాకపోతే ఆ కన్నం మూసుకుపోయింది, లేదా లివర్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ముఖం దూరంగా పెట్టుకోండి, గబుక్కున నొక్కితే కంట్లో పడుతుంది. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు కొట్టి కడగండి. రంగు పొర లేచిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఎక్కడ కారుతోంది

మాస్టర్ నుంచి మొదలుపెట్టి కిందికి రండి. లివర్ పక్కన రబ్బరు బూటు ఎత్తి లోపల తడి ఉందేమో చూడండి. గొట్టం రెండు చివరలా దాన్ని సిలిండర్‌కి బిగించే బాంజో బోల్టుల దగ్గర వేలు పెట్టి చూడండి. తర్వాత ముందు స్ప్రాకెట్ కవరు విప్పండి. ఎక్కువసార్లు దొంగ అక్కడే దాక్కుని ఉంటాడు. చైన్ ల్యూబు, దుమ్ము, ఘాటీ బురద కలిసి నల్లటి ముద్దగా పేరుకుని ఉంటుంది. ఆ మురికే స్లేవ్ సీలుని తినేది, కారేదాన్ని కనపడకుండా చేసేదీ.

అక్కడ తడి కనిపిస్తే అది ఏ ఆయిలో తేల్చుకోవాలి. ఎందుకంటే అదే చోట పుష్ రాడ్ చుట్టూ ఇంజన్ ఆయిల్ సీలు కూడా ఉంటుంది. ఒక చుక్క వేలిమీద తీసుకుని నీళ్లలో ముంచండి. బ్రేక్ ఆయిల్ అయితే కలిసిపోతుంది, వేలు శుభ్రమవుతుంది. ఇంజన్ ఆయిల్ అయితే నీటి మీద రంగురంగుల తెట్టుగా తేలుతుంది, వేలు జిడ్డుగానే ఉంటుంది. మొదటిదైతే స్లేవ్ కిట్టు. రెండోదైతే పుష్ రాడ్ సీలు, క్లచ్ హైడ్రాలిక్‌కి సంబంధం లేదు.

కావలసిన సామాన్లు

8 లేదా 10 నంబరు రింగు పానా, అక్వేరియం షాపులో దొరికే పారదర్శక గొట్టం, 50 మిల్లీలీటర్ల సిరంజి, ఖాళీ సీసా, గుడ్డలు, బకెట్ నీళ్లు. సీలు విప్పని బ్రేక్ ఆయిల్ పావు లీటరు డబ్బా చాలు. ఎప్పుడో విప్పి సగం వాడి షెల్ఫులో పెట్టింది వద్దు, అది అప్పటికే తేమ తాగేసి ఉంటుంది.

ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 4 అంటే డాట్ 4. చిన్న ఊళ్లలో డాట్ 3 మాత్రమే దొరికితే అవసరానికి పోయొచ్చు, రెండూ ఒకే జాతి, ఇంటికెళ్లాక మార్చేయండి. డాట్ 5 మాత్రం వేరే జాతి, సిలికాన్‌ది, కలపకూడదు. డాట్ 5.1 కలుస్తుంది, పేరు చూసి గందరగోళపడకండి. కొన్ని యూరప్ బండ్లలో, ముఖ్యంగా మగూరా క్లచ్ ఉన్నవాటిలో, మినరల్ ఆయిల్ వాడతారు. దాంట్లో బ్రేక్ ఆయిల్ పోసినా, దీంట్లో అది పోసినా రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. అప్పుడు గొట్టంతో సహా అన్నీ మార్చాలి.

డబ్బా మూత స్క్రూలు జపాన్ బండ్లలో తేలిగ్గా తల చెడతాయి. సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ పెట్టి, వెనక సుత్తితో ఒక చిన్న దెబ్బ కొట్టి అప్పుడు తిప్పండి.

గాలి తీయడం

కారే చోటు బాగుచేశాకే ఇది. లేదా కారడం లేకుండా ఆయిల్ పాతబడి ఉంటే.

మామూలు పద్ధతి: స్లేవ్ మీద గాలి బయటికి వదలడానికి ఉన్న బ్లీడర్ నిపుల్‌కి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. లివర్ నెమ్మదిగా నాలుగైదుసార్లు నొక్కి, నొక్కే పట్టుకోండి. నిపుల్ పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్, బుడగలు వస్తాయి. నిపుల్ బిగించండి. ఆ తర్వాతే లివర్ వదలండి. ఈ వరస తప్పితే బయటి గాలిని మీరే లోపలికి పీల్చినట్టు. డబ్బాలో మట్టం కనీస గీత కన్నా దిగనివ్వకండి.

క్లచ్‌లో గొట్టం పొడుగునా పైకే వెళ్తుంది, గాలికి పైకి పోవడం ఇష్టం, మనమేమో దాన్ని కిందికి లాగుతున్నాం. అందుకే నేను సిరంజితో కిందనుంచి పైకి తోయమంటాను. డబ్బాలో ఉన్న ఆయిల్ ముందు పీల్చేయండి, లేకపోతే పొంగి ట్యాంకు మీద పడుతుంది. సిరంజి నిండా కొత్త ఆయిల్ తీసుకుని, గొట్టంలో గాలి లేకుండా చూసుకుని నిపుల్‌కి తగిలించి, నిపుల్ వదులు చేసి మెల్లగా తోయండి. పైన డబ్బాలో బుడగలు రావడం చూస్తారు. ఒకరు కింద, ఒకరు పైన ఉంటే పని తొందరగా అవుతుంది. పైకి పాత నల్ల ఆయిల్ వస్తే అది పీల్చేసి మళ్లీ తోయండి.

ఇంత చేసినా కొంచెం మెత్తదనం మిగిలితే అది చాలాసార్లు మాస్టర్ దగ్గరి బాంజో బోల్టులో ఇరుక్కున్న గాలి. అందరికన్నా ఎత్తుగా ఉండేది అదే. గుడ్డ చుట్టి, లివర్ మెల్లగా నొక్కిపట్టి, బోల్టు కొంచెం వదులు చేసి, బుస్సుమన్నాక బిగించి, లివర్ వదలండి. ఇంకా మొండికేస్తే పాత ట్యూబు ముక్కతో లివర్‌ని గ్రిప్పుకి కట్టేసి రాత్రంతా వదిలేయండి. సన్న బుడగలు మెల్లగా పైకి చేరతాయి, పొద్దున్న కట్టు విప్పితే డబ్బాలోకి పోతాయి.

నిపుల్ చిన్న బోల్టు, మధ్యలో కన్నం. బలంగా తిప్పితే విరుగుతుంది. అది విరిగితే స్లేవే మార్చాల్సి రావచ్చు.

స్లేవ్ విప్పడం

చుట్టుపక్కల మురికంతా ముందు కడగండి, విప్పాక కాదు. బోల్టులు తీసి స్లేవ్ బయటికి లాగగానే లివర్, గ్రిప్పు మధ్య ఒక కర్రముక్క ఇరికించండి. ఎవరో ఒకరు వచ్చి "ఏమైంది బాబూ" అంటూ లివర్ నొక్కుతారు, పిస్టన్ నేలమీదికి దూకుతుంది.

పిస్టన్ బయటికి తీయడానికి ప్లయర్ పెట్టకండి. గుడ్డ అడ్డుపెట్టి లివర్ మెల్లగా కొడితే అదే వస్తుంది. సిలిండర్ గోడ మీద గోరు నడిపించండి. నున్నగా ఉండాలి. తెల్లటి పొడి తుడిస్తే పోతే పరవాలేదు. గోరు తట్టుకునే గుంటలుంటే కొత్త సీలు నెల రోజులు కూడా ఆగదు, సిలిండర్ మార్చడమే దారి. ఇక్కడ డబ్బు మిగుల్చుకుందామనుకుంటే రెండుసార్లు ఖర్చు.

కడగడానికి పెట్రోలు, డీజిలు, కిరోసిన్ ఏవీ వద్దు. ఆ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి. సీలు పెదవి ఆయిల్ ఉన్న వైపు తిరగాలి. పాతది తీసేముందు ఫోన్లో ఫొటో తీసుకుంటే ఈ అనుమానమే రాదు. కొత్త సీలుకి బ్రేక్ ఆయిల్ రాసి, పిస్టన్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి పంపండి. చక్రాల గ్రీజు రాయకండి.

పుష్ రాడ్ బయటికి లాగి అద్దం మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు దాని ఒంటికున్న తుప్పు తుడవండి, ఆ తుప్పే పక్కనున్న ఇంజన్ సీలుని కోసేది.

బాంజో బోల్టు విప్పితే రాగి వాషర్లు కొత్తవి వేయాలి. దొరక్కపోతే పాతవి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పనికొస్తాయి. అల్యూమినియం వాషర్‌కి ఈ వైద్యం పనిచేయదు.

మాస్టర్ సంగతి

లివర్ తీసి, బూటు లాగి, సర్క్లిప్ ప్లయర్‌తో క్లిప్పు తీస్తే పిస్టన్, స్ప్రింగు వచ్చేస్తాయి. కప్పుల అంచు మీద చిన్న కోత ఉన్నా మార్చండి. పిస్టన్, కప్పులు, స్ప్రింగు కలిపి కిట్టుగా దొరుకుతాయి. రాయగడలోనో జైపూర్‌లోనో అడిగితే ఉండకపోవచ్చు, విశాఖ నుంచి తెప్పించుకోవాలి. చిన్న కన్నాన్ని పాత క్లచ్ కేబుల్‌లోంచి తీసిన ఒక్క పోగుతో శుభ్రం చేయండి. డ్రిల్లు, సూది పెట్టి పెద్దది చేయకండి.

క్లచ్ జారుతుంటే

ఎక్సలేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ఎక్కదు. సుంకి ఘాటీలో ఇది మొదట బయటపడుతుంది. అందరూ ప్లేట్లు అరిగాయంటారు. కావచ్చు. కానీ ప్లేట్లకి డబ్బు పెట్టేముందు ఒక్క పని చేయండి. బాగా వేడెక్కి జారుతున్నప్పుడే ఆపి, నిపుల్‌కి గొట్టం తొడిగి కొంచెం వదులు చేయండి. లివర్ ముట్టుకోకుండానే ఆయిల్ చిమ్మి, తర్వాత క్లచ్ పట్టిందంటే, ఒత్తిడి లోపల ఇరుక్కుపోయిందన్నమాట. ఆయిల్ వేడికి ఉబ్బి, వెనక్కి పోయే దారి లేక ప్లేట్లని కొంచెం ఎత్తి పట్టుకుంది. చిన్న కన్నం మూసుకుపోవడం, పాత గొట్టం లోపల వాచిపోవడం, అంచు దాకా నింపడం, వీటిలో ఏదో ఒకటి. ఆన్‌లైన్‌లో కొన్న ఫ్యాన్సీ లివర్లు కూడా ఈ పని చేస్తాయి. వాటి పిన్ను కాస్త పొడుగై పిస్టన్‌ని ఎప్పుడూ నొక్కే ఉంచుతుంది. పాత లివర్ పెట్టి చూడండి.

ఆయిల్ చిమ్మకపోతే అప్పుడు ప్లేట్లు, స్ప్రింగులు, ఇంజన్ ఆయిల్. తడి క్లచ్, అంటే ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లో తడిసి తిరిగే క్లచ్, ఉన్న బండికి డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిలే పోయాలి. కారు ఆయిల్ పోసి ప్లేట్లని తిట్టుకుంటే లాభం లేదు.

పైన వాయిదా వేసిన సంగతి: లివర్ గట్టిగా ఉండీ క్లచ్ విడవకపోతే, నెలల తరబడి నిలబెట్టిన బండిలో ప్లేట్లు అతుక్కుని ఉండొచ్చు, ప్లేట్లు కూర్చునే బాస్కెట్ మీద గాడులు పడి ఉండొచ్చు, స్టీలు ప్లేటు వంగి ఉండొచ్చు. అది కవరు విప్పాల్సిన పని.

ఆయిల్ మార్చడానికి కంపెనీలు ఎక్కువగా రెండేళ్లంటాయి. మన వానలకి ఏడాదికోసారి మార్చడం మంచిది. ఇక్కడ సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకి ఎలాగూ బండి కడిగి బొట్టు పెడతాం, ఆ ముందురోజు ఈ పని పెట్టుకుంటే మరిచిపోరు.

ఘాటీ మధ్యలో క్లచ్ పోతే

ముందు డబ్బా చూడండి. ఖాళీ అయితే బ్రేక్ ఆయిల్ పోసి లివర్ గబగబా కొట్టండి, కొంచెం ప్రాణం రావచ్చు, గేరు మార్చే ప్రతిసారీ ముందు అలా కొట్టుకుంటూ పోవాలి. ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె పోయకండి. బ్రేక్ ఆయిల్ దొరక్కపోతే వెనక బ్రేక్ డబ్బాలోంచి తీద్దామన్న ఆలోచన అసలు రానివ్వకండి, దిగేది ఘాటీ.

క్లచ్ అసలే లేకుండా వెళ్లాలంటే ఎక్కే వైపు ప్రయత్నించకండి. రెండున్నర క్వింటాళ్లు దాటిన బండిని ఎత్తు మీద తోసి గేరు వేయడం జరిగే పని కాదు. దిగే వైపు తిప్పండి. ఇంజన్ న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, బండి నడక వేగంతో దొర్లుతుండగా ఫస్ట్ గేరు వేయండి. పైగేర్లకి ఎక్సలేటర్ ఒక్క క్షణం వదిలి కాలితో ఎత్తితే పడతాయి. మలుపుల్లో న్యూట్రల్‌లో దొర్లించకండి, చిన్న గేరులోనే దిగండి, క్లచ్ విడవకపోయినా ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది. ఆగాల్సి వస్తే ఆగేముందే న్యూట్రల్‌కి తెచ్చుకోండి.

అలా దిగితే చేరేది సాలూరు. అది లారీల ఊరు. లారీ మెకానిక్‌కి మాస్టర్, స్లేవ్, రబ్బరు కప్పు, బ్లీడింగ్ రోజూ చేతిలో ఆడేవే. బైక్ షెడ్డు వెతుక్కోకుండా నేరుగా అతని దగ్గరికే వెళ్లి, డబ్బా మూత మీద ఉన్న ఆయిల్ పేరు చూపించి, స్ప్రాకెట్ కవరు ముందు విప్పమనండి.